దాచుకున్న భయానికి మందు

పోచంపాడ్ కాలువలు ఈ ప్రాంతానికి పసుపును, వరిని, మొక్కజొన్నను ఇచ్చాయి. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూగారు ఆ ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. ఆ నీళ్లతో ఎన్నో ఇళ్లలో అన్నం కుండ నిండింది. అయినా ఇక్కడి మగవాళ్లకు ఇల్లు విడిచిపోయే అవసరం తీరలేదు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, కొమ్ములను బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెట్ యార్డుకు పోతారు. ధర బాగుందని తెలిస్తే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతారు. హైదరాబాదు - నాగపూరు రోడ్డు మీద లారీలు నడుపుతారు. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్, భీమ్‌గల్ వైపు పల్లెల నుండి దుబాయికి, మస్కటుకు, సౌదీకి పోయి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతారు.

ఇంటికి దూరమైన చోట ఒంటరితనం ఒక పక్క, తాగుడు ఒక పక్క లాగినప్పుడు కొందరు తప్పటడుగు వేస్తారు. ఈ మాట మన ఆరాధనల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా అది మన ఇళ్లలోనే ఉంది. అందుకే ఈ నెల కుటుంబ పుటల్లో దీనిని గురించి దాపరికం లేకుండా, మర్యాద తప్పకుండా మాట్లాడుకుందాం.

ఇలాంటివారి కష్టం సాధారణంగా ఒకే తీరుగా నడుస్తుంది. తప్పు జరిగిన కొన్ని దినాలకు మూత్రంలో కొంచెం మంట అనిపిస్తుంది. గొంతు నొప్పి వస్తుంది. నాలుక మీద తెల్లగా కనబడుతుంది. తొడ మీద చిన్న పొక్కు లేస్తుంది. అంతే, మనిషి నిద్ర పోతుంది. రోజుకు పదిసార్లు అద్దం ముందు నిలబడతాడు. సెల్‌ఫోనులో రోగాల పేర్లు వెదుకుతాడు. భార్య దగ్గరకు వస్తే ఒంట్లో బాగాలేదంటాడు. పిల్లలను ముద్దు పెట్టుకోడు. ప్రభురాత్రి భోజనం నాడు గుడికి రాడు. అడిగితే పనుందంటాడు. ఇంట్లో వాళ్లకు ఏమీ తెలియదు. మనిషి మాత్రం రోజురోజుకూ చిక్కిపోతాడు. ఆ చిక్కిపోవడాన్నే రోగానికి గుర్తు అనుకుని ఇంకా భయపడతాడు.

అటువంటి సహోదరుడు ఈ పుట చదువుతూ ఉంటే, తలుపు వేసుకుని అయినా సరే, చివరిదాకా చదవమని ప్రభువు పేరట అడుగుతున్నాం.

రెండు లెక్కలు కలిపి రాయకండి

ఈ మనిషి మీద రెండు బరువులు ఉన్నాయి. ఒకటి దోషం. రెండవది రోగం అంటుకుందేమో అన్న అనుమానం. అతడు ఈ రెంటినీ ఒకే పుస్తకంలో, ఒకే లెక్కగా రాసుకుంటాడు. "నేను తప్పు చేశాను, కాబట్టి నాకు రోగం వచ్చే ఉంటుంది" అనుకుంటాడు. రోగం రావడమే న్యాయం అని అతని మనస్సాక్షి తీర్పు చెబుతుంది. ఆ తీర్పుకు సాక్ష్యం కోసం ఒళ్లంతా వెదుకుతాడు. వెదికేవాడికి ఏదో ఒకటి దొరకకపోదు.

అయితే రోగక్రిములకు మన పాపపు లెక్క తెలియదు. తప్పు చేసిన ఎందరికో ఏ రోగమూ అంటుకోదు. ఏ తప్పూ చేయని ఇల్లాలికి భర్త వల్ల అంటుకుంటుంది. పుట్టబోయే బిడ్డకు తల్లి వల్ల అంటుకుంటుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేయడం వల్ల ఇలా జరిగిందని శిష్యులు అడిగారు. ప్రభువు ఆ లెక్కనే అంగీకరించలేదు.

కాబట్టి రెంటినీ విడదీయండి. దోషానికి దేవుని ఎదుట ఒప్పుకోలు, భార్య ఎదుట సత్యం, నడతలో మార్పు కావాలి. రోగానికి రక్తపరీక్ష, డాక్టరు, మందు కావాలి. ఒకదాని మందు ఇంకొకదానికి పని చేయదు. ఎంత ఏడ్చి ప్రార్థించినా రక్తంలో ఏముందో పరీక్ష చేయకుండా తెలియదు. రక్తంలో ఏమీ లేదని కాగితం వచ్చినంత మాత్రాన మనసు కడగబడదు. పరీక్షలన్నీ బాగున్నా కొందరికి శాంతి ఎందుకు రాదో ఇక్కడే ఉంది. వాళ్లు ప్రయోగశాల కాగితంలో క్షమాపణ కోసం వెదుకుతున్నారు. అది అక్కడ దొరికేది కాదు. దాచిన తప్పు దేహాన్ని సైతం క్రుంగదీస్తుందని దావీదు 32వ కీర్తనలో సాక్ష్యమిచ్చాడు. అతనికి విడుదల దొరికింది ఒప్పుకోలులోనే.

యాజకుడు ఏడు దినాలు ఆగాడు

లేవీయకాండం 13వ అధ్యాయం చదివేటప్పుడు మనలో చాలామంది పుటలు త్రిప్పేస్తాం. మచ్చలు, పొక్కులు, వాపులు తప్ప అందులో ఏముంది అనుకుంటాం. భయపడే మనిషికి ఆ అధ్యాయంలో మంచి క్రమం ఉంది. ఒంటిమీద మచ్చ కనబడినవాడు తనకు తానే తీర్పు చెప్పుకోకూడదు. యాజకుని దగ్గరకు పోవాలి. యాజకుడు కూడా సందేహముంటే మొదటి రోజే తేల్చడు. ఏడు దినాలు ఆగి మళ్లీ చూస్తాడు. అవసరమైతే ఇంకో ఏడు దినాలు ఆగి చూస్తాడు. మచ్చ వ్యాపించకపోతే అది ఉత్త పక్కు అని చెప్పి, అతణ్ణి పవిత్రుడని ప్రకటిస్తాడు. అతడు బట్టలు ఉతుక్కుని తన వాళ్లలోకి పోవాలి. మచ్చ మళ్లీ వ్యాపిస్తేనే తిరిగి చూపించుకోవాలి. రోజూ వచ్చి గుడారం ముందు నిలబడమని ధర్మశాస్త్రం చెప్పలేదు.

నేటి వైద్యమూ ఈ నాలుగు మెట్లలోనే నడుస్తుంది. తెలిసినవాడికి చూపించు. తగినన్ని దినాలు ఆగు. మళ్లీ చూపించు. చెప్పిన మాట నమ్ము. మన వాళ్లు తప్పేది మొదటి మెట్టులో, చివరి మెట్టులో. సిగ్గువల్ల చూపించుకోరు. చూపించుకున్నాక నమ్మరు.

ఒళ్లు చెప్పేది ఎంత, భయం చెప్పేది ఎంత

సుఖవ్యాధుల లక్షణాలు కొన్ని స్పష్టంగానే ఉంటాయి. సెగ అని మన పెద్దలు పిలిచే గనేరియాలో సాధారణంగా రెండు నుండి ఏడు దినాల్లో మూత్రంలో మంట, చీము కనబడతాయి. సవాయి అనే సిఫిలిస్‌లో పది దినాల నుండి తొంభై దినాల లోపు, ఎక్కువమందికి మూడు వారాలకు, నొప్పిలేని పుండు లేస్తుంది. హెర్పిస్‌లో చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి, పగిలి, మంట పుడతాయి. గజ్జల్లో బిళ్లలు కట్టడమూ కొన్నింటిలో ఉంటుంది.

క్లమీడియా అనే మరొక వ్యాధి చాలామందికి, అందులోనూ స్త్రీలకు, ఏ లక్షణమూ చూపదు. లోపల గర్భనాళాలను చెడగొట్టి సంతానం లేకుండా చేయగలదు. హెచ్.ఐ.వి. సోకినవారిలో కొందరికి రెండు నుండి నాలుగు వారాల్లో మామూలు జ్వరం లాంటిది వచ్చి పోతుంది. తరువాత ఏళ్ల తరబడి ఏమీ కనబడదు.

దీని భావమేమిటి? లక్షణం ఉన్నందువల్ల రోగం ఉన్నదని తేలదు. లక్షణం లేనందువల్ల రోగం లేదనీ తేలదు. ఒళ్లును ఎంత గుచ్చిగుచ్చి చూసినా జవాబు రాదు. జవాబు చెప్పేది పరీక్ష ఒక్కటే.

మరి ఆ మంట, ఆ దడ, ఆ నీరసం ఎక్కడి నుండి వచ్చాయి? అవి అబద్ధాలు కావు. భయపడినప్పుడు దేహంలో ఊరే ద్రవాలు గుండెను వేగంగా కొట్టిస్తాయి, కడుపును కలచివేస్తాయి, మాటిమాటికి మూత్రానికి పోవాలనిపిస్తాయి. నిద్ర లేకపోతే ఒళ్లు నొప్పులు, తలతిరుగుడు వస్తాయి. అన్నం సహించక బరువు తగ్గుతుంది. రోజూ పిండి చూసుకుంటే ఆ భాగం వాచి ఎర్రబడుతుంది. డెట్టాలు పోసి కడిగితే చర్మం కాలి మంట పుడుతుంది. ఎవరో చెప్పారని నాలుగు రకాల మాత్రలు మింగితే విరేచనాలు పట్టుకుంటాయి, నోట్లోనూ మర్మస్థానంలోనూ తెల్లని బూజు పడుతుంది.

పసుపు తవ్వే రోజుల్లో ఎండలో పని చేసి తగినన్ని నీళ్లు తాగకపోయినా మూత్రం మండుతుంది. మూత్రంలో రాళ్లున్నా మండుతుంది. మధుమేహం ఉన్నవారికి అక్కడ దురద, పగుళ్లు వస్తాయి. అందుకే డాక్టరు చక్కెర పరీక్ష కూడా రాస్తే ఆశ్చర్యపోకండి. మగవారి చర్మం మీద వరుసగా ఉండే చిన్న తెల్ల గింజలు కొందరికి సహజంగా ఉండేవే. అంతకు ముందు ఎన్నడూ చూసుకోనందువల్ల కొత్తగా లేచాయనిపిస్తుంది.

పసుపు అద్దితే మానిన పుండు

మన ప్రాంతంలో ఏ గాయమైనా ముందు పసుపు అద్దుతాం. చిన్న గీతలకు అదేమీ తప్పు కాదు. సిఫిలిస్ పుండు విషయంలో మాత్రం ఈ అలవాటు మనిషిని మోసం చేస్తుంది. ఆ పుండు మందు వేయకపోయినా మూడు నుండి ఆరు వారాల్లో తనంతట తానే మానిపోతుంది. పసుపు అద్దినవాడు పసుపు వల్ల మానిందనుకుంటాడు. ఆకు పసరు రాసినవాడు పసరు వల్ల అంటాడు. మొక్కుబడి చేసినవాడు మొక్కు ఫలించిందని సంతోషిస్తాడు. రోగం మాత్రం లోపలికి పోయింది. కొన్ని వారాలకో నెలలకో అరచేతుల్లో, అరికాళ్లలో దద్దులు వేస్తుంది. అవీ పోతాయి. ఏళ్లు గడిచాక గుండెను, మెదడును పట్టుకోవచ్చు. గర్భిణికి ఉంటే బిడ్డ చనిపోయి పుట్టవచ్చు.

ఇంత భయంకరమైన రోగానికి వైద్యం ఎంత సులభమో వినండి. దీని క్రిమిని 1905లో జర్మనీలో కనుగొన్నారు. మరుసటి సంవత్సరమే రక్తపరీక్ష వచ్చింది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. 1943లో అమెరికా వైద్యుడు జాన్ మహోనీ దానితో సిఫిలిస్‌ను నయం చేసి చూపించాడు. నేటికీ తొలిదశలో ఉన్నవారికి ఆ జాతి ఇంజెక్షను ఒక్కటి సరిపోతుంది. క్లమీడియాకు వాడే డాక్సీసైక్లిన్ అనే మందు టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపించిన పరిశోధన విభాగం నుండి 1948లో లోకానికి వచ్చింది. ఇన్ని మేలులు మన ముందు పెట్టి ఉండగా, సిగ్గుపడి గోడమీది ప్రకటనల వెంట పోవడం ఎందుకు?

ఆ ప్రకటనలు మీరు బస్టాండుల్లో చూసే ఉంటారు. రహస్య రోగాలకు గ్యారంటీ వైద్యం, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన అని ఉంటుంది. ధాతువు పోతోందని, నరాలు చచ్చిపోయాయని చెప్పి భయాన్ని రెట్టింపు చేసి, ఒక పంట డబ్బు ఊడ్చుకుపోతారు. ధాతువు పోతోందన్న బెంగనే మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో ఒక మానసిక బాధగా గుర్తించి దానికి పేరు పెట్టాడు. దానికి కావలసింది ఓదార్పు, సరియైన తెలివి. లేహ్యాలు, బస్మాలు కావు.

ఎప్పుడు, ఎక్కడ, ఏ పరీక్ష

తప్పు జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే పెద్దాసుపత్రికి పోండి. డాక్టరు అవసరమనుకుంటే హెచ్.ఐ.వి. అంటుకోకుండా 28 దినాలు వాడే మాత్రలు ఇస్తాడు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఆ గడువు దాటితే కంగారుపడకుండా క్రమం పాటించండి. చీము, పుండు, పొక్కులు ఉంటే ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఏ లక్షణమూ లేకపోయినా హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోండి. సిఫిలిస్‌కు చేసే వాటిని వి.డి.ఆర్.ఎల్., ఆర్.పి.ఆర్. అని రాస్తారు. రక్తంలో గుర్తు కనబడడానికి కొంత కాలం పడుతుంది. కాబట్టి మరునాడే చేయించిన పరీక్ష ఏమీ తేల్చదు. సుమారు ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలు నిండాక ఇంకొకసారి చేయించండి. ఈ మధ్యలో మళ్లీ తప్పు జరగకుండా ఉండి, మూడు నెలల తరువాత లేదని వస్తే, ఆ మాట నమ్మదగినది. ఈ మూడు నెలలూ భార్యతో కలవకుండా ఉండాలి. లేదా తప్పనిసరిగా నిరోధ్ వాడాలి. రక్తదానం చేయకూడదు.

ఎక్కడికి పోవాలి? నిజామాబాదు ప్రభుత్వ పెద్దాసుపత్రి వంటి చోట్ల ఐ.సి.టి.సి. అనే సలహా, పరీక్షా కేంద్రం ఉంటుంది. అక్కడ హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. పరీక్షకు ముందు, తరువాత ఒక సలహాదారు మీతో ఒంటరిగా మాట్లాడతారు. ఉన్నదని చెప్పే ముందు మూడు వేర్వేరు రకాల పరీక్షలతో సరిచూస్తారు. సుఖవ్యాధుల వైద్యానికి జిల్లా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది. మందులు కూడా అక్కడే ఇస్తారు. ఇంట్లో నుండి కదలడానికే ధైర్యం లేకపోతే 1097 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేసి అడగవచ్చు.

ఊరికి తెలిసిపోతుందేమో అన్నది అందరి భయం. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, మీ అనుమతి లేకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చేయకూడదు. ఫలితాన్ని బయటపెట్టకూడదు. రోగం ఉన్నదని ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు.

ఒకవేళ ఉన్నదని తేలితే? ఈ రోజున అది మరణశాసనం కాదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం ఈ వ్యాధికి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట చేపట్టిన రాష్ట్రాల్లో మన అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోజూ తప్పకుండా వేసుకుంటే రక్తంలో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలా తగ్గి నిలిచినవారి నుండి సంసార సంబంధం వల్ల వ్యాధి అంటుకోదు. తల్లి సమయానికి మందులు వాడితే బిడ్డను కాపాడుకోవచ్చు.

డిచ్‌పల్లి నేర్పిన పాఠం

మన జిల్లా క్రైస్తవులకు ఈ పాఠం కొత్తది కాదు. 1907లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున నిజాము రాజ్యానికి వచ్చారు. కుష్ఠురోగుల దిక్కులేనితనం చూసి ఆమె ఊరుకోలేకపోయారు. రాజా నర్సాగౌడు అనే హిందూ ధనికుడు పెద్ద మొత్తం ఇచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. ఆ కాలానికి దొరికిన చాల్‌మోగ్రా జాతి నూనెతో ఆమె వైద్యం చేశారు. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసరె హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె ప్రభువునందు నిద్రించారు.

కుష్ఠు కూడా సిగ్గుతో దాచిన రోగమే. మచ్చ ఉన్నప్పుడే వైద్యానికి వచ్చినవారికి వేళ్లు దక్కుతాయి. దాచినవారికి వేళ్లు పోతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. తెల్లమచ్చ కనబడిన ప్రతివాడూ కుష్ఠు అని వణికేవాడు. శోభి కావచ్చు, బొల్లి కావచ్చు. డాక్టరు ఆ మచ్చ మీద స్పర్శ ఉందో లేదో చూసి చెప్పేవరకు ఎవరికీ తెలియదు. లేదని చెప్పించుకుని ఇంటికి పోవడానికైనా ఆ గుమ్మం తొక్కవలసిందే. పదిమంది కుష్ఠురోగులను ప్రభువు యాజకులకు కనపరచుకోమని పంపాడని లూకా 17వ అధ్యాయంలో చదువుతాం. స్వస్థత ఇచ్చే ప్రభువే చూపించుకోమని పంపాడు.

చూపించుకోని భయం ఎంతకు తెస్తుందో 2020 ఫిబ్రవరిలో చూశాం. చిత్తూరు జిల్లాలో ఒక ఇంటి పెద్ద జ్వరం వచ్చి, కరోనా సోకిందని తనకు తానే తేల్చుకున్నాడు. దగ్గరకు రావద్దని ఇంటివాళ్లను దూరం పెట్టాడు. చివరకు తన ప్రాణం తీసుకున్నాడు. అతనికి కరోనా లేదు. అప్పటికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్క కేసు కూడా తేలలేదు. ఇంటివాళ్ల మీది ప్రేమే భయంతో కలిసి అతణ్ణి అంత దూరం తీసుకుపోయింది. పిల్లలను ముట్టుకోకుండా దూరం కూర్చునే సహోదరుడా, నీ మనసులోనూ అటువంటి తలంపు వస్తే ఈ రాత్రే ఒకరికి చెప్పు. 14416 అనే నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

ఇల్లాలికి ఒక మాట

అమ్మా, భర్త దూరంగా ఉంటున్నాడంటే ప్రేమ తగ్గిందనే కాదు. భయం కూడా కావచ్చు. నిలదీయడానికి ముందు నెమ్మదిగా అడుగు. అతడు నిజం చెబితే ఆ దెబ్బ నీకు తగులుతుంది. ఏడుపు వస్తుంది, కోపం వస్తుంది. అవి రావడం తప్పు కాదు. వెంటనే క్షమించలేకపోయినా నీ విశ్వాసం పోయినట్టు కాదు. నీ ఆరోగ్యం కోసం నీవూ పరీక్ష చేయించుకోవాలి. మందు వాడవలసి వస్తే ఇద్దరూ కలిసి వాడాలి. ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు ఎలాగూ చేస్తారు. వద్దనకండి.

అలాగే, తెల్లబట్ట అయిన ప్రతిసారీ భర్తను అనుమానించవద్దు. మామూలు బూజు వల్ల, మధుమేహం వల్ల, వేరే కారణాల వల్ల కూడా అవుతుంది. భర్త కూడా భార్యకు తెల్లబట్ట అయిందని ఆమె శీలాన్ని శంకించకూడదు. ఆ ఒక్క మాటతో కూలిన సంసారాలు ఉన్నాయి. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది. ఆ క్యాన్సరుకు చాలావరకు కారణం సంసార సంబంధం వల్ల అంటుకునే ఒక వైరసే. ముందుగా కనిపెడితే నయమవుతుంది.

భర్తలారా, మీరు చెప్పకుండా దాచితే ఆమె తనను తాను కాపాడుకునే హక్కును మీరు దొంగిలించినవారవుతారు. ఒంటరిగా చెప్పే ధైర్యం లేకపోతే సలహాదారు ఎదుట చెప్పండి. అయితే చెప్పండి.

పరీక్ష అయ్యాక కూడా భయం పోకపోతే

మూడు నెలలు నిండాయి. లేదని వచ్చింది. అయినా నాలుగవ సారి, ఐదవ సారి వేరే ల్యాబుకు పోయేవారున్నారు. కాగితం చేతికి రాగానే గుండె తేలికపడుతుంది. రాత్రికి "రక్తం మారిపోయిందేమో" అనిపిస్తుంది. చూసుకున్న కొద్దీ, అడిగిన కొద్దీ, ఆ ఉపశమనం మీదే అలవాటు పడుతుంది. దురద గోకిన కొద్దీ పెరిగినట్టు ఈ అనుమానమూ పెరుగుతుంది.

దీనికి మార్గం గోకడం మానడమే. చివరి కాగితం మీద తేదీ రాసి పెట్టెలో పెట్టండి. ఇక ఆ పరీక్ష చేయించవద్దు. అద్దంలో చూసుకోవడం రోజుకు పదిసార్లుంటే ఐదుకు, ఐదుంటే ఒకటికి, ఒకటుంటే మానడానికి తేవాలి. సెల్‌ఫోనులో వెదకడం పూర్తిగా ఆపండి. తాగుడు మానండి. పొలం పని, నిద్ర వేళ, కుటుంబ ప్రార్థన తిరిగి మొదలుపెట్టండి. మొదటి కొన్ని వారాలు భయం గట్టిగానే అరుస్తుంది. జవాబివ్వకపోతే దాని గొంతు తగ్గుతుంది. ఆరు వారాలైనా తగ్గకపోతే, పని చేసుకోలేకపోతే మానసిక వైద్యుని దగ్గరకు పోండి. అది పిచ్చి కాదు. మందులతో, మాటలతో నయమయ్యే బాధ.

దోషపు లెక్క కూడా తీర్చుకోండి. దేవుడు క్షమించినదాన్ని మళ్లీ మళ్లీ తవ్వి తెచ్చి, ఒంటిమీద శిక్ష వెదుక్కోవడం పశ్చాత్తాపం కాదు. క్షమింపబడినవాడి పని వేరు. తాగుడు స్నేహాలు వదలడం, సంపాదన ఇంటికి పంపడం, దూరదేశంలో ఉంటే అక్కడి సహవాసంలో చేరడం, భార్యతో రోజూ మాట్లాడడం అతని పని.

కాపరులకు, పెద్దలకు మనవి

అయ్యగారూ, ఇటువంటి వ్యక్తి మీ గడప ఎక్కడానికి ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటాడో తలంచండి. అతని మాట మీ భార్యకు కూడా చెప్పకండి. ప్రార్థన మనవిగా సంఘంలో చదవకండి. దేవుడు శిక్షించాడని తీర్పు చెప్పకండి. ఏమీ లేదు, విశ్వసించు అని పరీక్ష లేకుండా పంపేయకండి. మందులు ఆపమని ఎన్నడూ అనకండి. హిజ్కియా ప్రార్థన విన్న దేవుని ప్రవక్తే అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడని యెషయా 38వ అధ్యాయంలో ఉంది. అతనితో ప్రార్థించండి. వీలైతే ఆసుపత్రికి వెంట పోయి, బయట బెంచీ మీద కూర్చోండి. ఆ కూర్చోవడం పది ప్రసంగాల పాటి చేస్తుంది.

యౌవనస్థుల కూటాల్లో, పెండ్లికి ముందు ఇచ్చే ఉపదేశంలో, గల్ఫ్‌కు పోయేవారిని ప్రార్థించి పంపేటప్పుడు ఈ సంగతులు చెప్పండి. పరిశుద్ధత గురించి చెప్పండి. పడిపోతే ఎక్కడికి రావాలో కూడా చెప్పండి. ఆ రెండవ మాట చెప్పనందువల్లే పడినవాడు గుడికి రాక లాడ్జి వైద్యుని దగ్గరకు పోతున్నాడు.

ప్రార్థన

ప్రభువా, రాత్రివేళ నిద్రపట్టక తన ఒళ్లు తానే తడిమి చూసుకుంటున్న మా సహోదరుణ్ణి జ్ఞాపకం చేసుకో. నీ ఎదుట నిజం ఒప్పుకునే మనసు, భార్య ఎదుట నిజం చెప్పే నోరు, ఆసుపత్రి గుమ్మం తొక్కే కాళ్లు అతనికి దయచేయి. ఉన్నదని తెలిస్తే ఓర్పునూ, లేదని తెలిస్తే నమ్మే మనసునూ ఇవ్వు. ఏ తప్పూ లేకుండా బాధపడే ఇల్లాలి కన్నీళ్లు తుడువు. మా సంఘం అతనికి తలుపు మూయకుండా కాపాడు. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.